ఇల్లు మారిన ఆర్గన్

కొన్ని సంవత్సరముల క్రితం జమ్మలమడుగు ప్రాంతంలోని ఒక ప్రార్థనాలయంలో పాత కాలిహార్మోనియం ఒకటి చూచే అవకాశం మాకు లభించినది. మాతోపాటు పనిచేయు క్రైస్తవ మిత్రుడొకరు మమ్ము వెంటబెట్టుకొని వెళ్లినారు. పాత కట్టడం శిథిలమై కొత్తది లేచిన పిమ్మట ఆ వాద్యాన్ని నలుగురు మనుషులు ఎత్తి, బండిలో వేసి, కొత్త కట్టడంలోనికి చేర్చినారట. నాటి నుండి అది పలుకలేదు. కాళ్లతో తొక్కగా గాలి బుసకొట్టినది గాని స్వరం పుట్టలేదు. పక్కనే నిలిచియున్న సంఘపెద్ద ఒక మాట అన్నారు: "సార్, పెట్టె వచ్చింది గానీ గొంతు రాలేదు సార్."

ఆ మాట మా మనస్సులో నాటుకొన్నది. ఒక వాద్యం ఒక ఇంటి నుండి మరొక ఇంటికి వెళ్లునప్పుడు దాని గొంతు కూడా వెంట వెళ్లవలెనన్న ఏమి చేయవలెను? ఆ ఇల్లు పెద్దదైనప్పుడు గొంతును పెంచుట ఎట్లు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకుచు పోగా, హార్మోనియమునకు పెద్దన్న వంటి గొట్టాల ఆర్గన్ కథ మా కంటబడినది. ఒక కళాశాల ప్రార్థనాలయం కొరకు నిర్మింపబడి, రాజ్యాలు మారినప్పుడెల్ల తానూ ఇల్లు మారి, ప్రతి చోటా కొంత పెరుగుచు, నేటికిని పలుకుచున్న ఆర్గన్ ఒకటి ఉన్నది. దానిని గూర్చియు, అట్టి వాద్యాన్ని తరలించు విధానమును గూర్చియు మా విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశం.

ఆర్గన్ అనగా ఏమి?

ఉర్దూ చదువుకొన్న మా విద్యార్థులకు 'అర్గనూన్' అను పదం కొత్త కాదు. అది గ్రీకు భాష నుండి అరబ్బీ, పారశీకముల ద్వారా ఉర్దూకు చేరినది. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియా నగరంలో క్టెసీబియస్ అను యంత్రశిల్పి నీటి ఒత్తిడితో గాలిని నిలకడగా ఉంచి గొట్టాలను పలికించు వాద్యాన్ని నిర్మించినాడు. ఆర్గన్‌కు అదియే ఆది. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో బనూ మూసా అను ముగ్గురు సోదరులు నీటి బలంతో తనంతట తానే పలికే వాద్యాన్ని వర్ణించుచు గ్రంథం రచించినారు. 757లో బైజాంటియన్ చక్రవర్తి ఐదవ కాన్‌స్టాంటైన్ ఒక ఆర్గన్‌ను ఫ్రాంకుల రాజైన పెపిన్‌కు కానుకగా పంపినాడు. మన దేశం విషయానికి వచ్చినచో, అక్బరు పాదుషా గోవాకు పంపిన హాజీ హబీబుల్లా అచటి నుండి ఒక ఆర్గన్ తెచ్చినట్లును, దానిని చూచి జనులు విస్తుపోయినట్లును నాటి చరిత్రకారుడు బదాయూనీ వ్రాసియున్నాడు. కనుక ఇది కేవలం ఒక మతమునకు, ఒక ఖండమునకు చెందిన వస్తువని తలంచుట సరికాదు. ప్రయాణం దాని పుట్టుకతోనే ఉన్నది.

దాని నిర్మాణం అర్థం చేసికొనుట కష్టం కాదు. ప్రొద్దుటూరులో బంగారు పనివారు గొట్టంతో ఊది నిప్పును రగిలించుట, పల్లెలలో కమ్మరులు తిత్తి తొక్కి కొలిమిని మండించుట మనం చూచినదే. ఆర్గన్‌లోను మొదటిది తిత్తియే. తిత్తిపై బరువులుంచుట వలన గాలి ఒకే ఒత్తిడితో వెలువడును. ఆ గాలి ఒక పెద్ద గాలిపెట్టెలో నిండును. గాలిపెట్టె పైభాగాన వరుసలు వరుసలుగా గొట్టాలు నిలిచియుండును. వాయించువాడు మెట్టు నొక్కగానే సన్నని చెక్కబద్దీలు కదలి, గాలిపెట్టెలోని ఒక చిన్న మూత తెరచుకొని, ఆ స్వరానికి సంబంధించిన గొట్టంలోనికి గాలి ప్రవేశించును. ఏ వరుస గొట్టాలు పలుకవలెనో నిర్ణయించుటకు పక్కన లాగుడు పిడులు ఉండును. వీనిని స్టాపులందురు.

గొట్టాలలో ముఖ్యముగా రెండు జాతులు. ఒకటి పిల్లనగ్రోవి జాతి; గాలి అంచును తాకి పలుకును. రెండవది సన్నాయి జాతి. లోపలి నాలుక అదరి పలుకును. గొట్టం పొడవు పెరిగిన కొలది స్వరం మంద్రమగును. ఎనిమిది అడుగుల తెరచిన గొట్టం సెకనుకు సుమారు 65 కంపనల స్వరమిచ్చును. పదునారు అడుగులదైనచో అందులో సగం. గొట్టపు పైకొనను మూసివేసినచో అంతే పొడవు నుండి ఒక స్థాయి క్రింది స్వరం వచ్చును. ఇరుకు చోట్ల నిర్మాతలు ఈ ఉపాయమునే ఆశ్రయింతురు. హార్మోనియంలో గొట్టాలు లేవు. రీడ్లు మాత్రమే ఉన్నవి. అందుచేతనే దానిని నలుగురు ఎత్తగలిగినారు. ఆర్గన్‌ను అట్లు ఎత్తుటకు వీలులేదు.

తండ్రీ కొడుకులు

16వ శతాబ్దాంతమున ఇంగ్లండులో థామస్ డాలమ్ అను ఆర్గన్ నిర్మాత ఉండెను. ఎలిజబెత్ రాణి పేరిట ఉస్మానియా సుల్తాను మూడవ మహమ్మదుకు కానుకగా పంపుటకు అతడొక వింత ఆర్గన్‌ను తయారుచేసినాడు. అది గడియారం వలె తనంతట తాను పలుకును, చేతితోను వాయింపవచ్చును, దాని శిఖరమున కృత్రిమ పక్షులు రెక్కలాడించుచు కూయును. 1599లో 'హెక్టర్' అను ఓడలో దానితో బయలుదేరి డాలమ్ ఇస్తాంబుల్ చేరినాడు. పెట్టెలు తెరచి చూడగా, వేడికి జిగురు కరిగి అతుకులు విడిపోయినవి. ఓడ కుదుపులకు లోహపు గొట్టాలు నలిగిపోయినవి. అతడు నిరుత్సాహపడలేదు. తన సహచరులతో కలిసి ప్రతి భాగాన్ని విప్పి, దిద్ది, సుల్తాను కోటలోనే మరల నిలబెట్టినాడు. సుల్తాను ఎదుట వాయించి, మెప్పును, బంగారు నాణెములను పొందినాడు. అచటనే ఉండిపొమ్మని కోరగా, ఇంటివద్ద భార్యాపిల్లలు ఎదురుచూచుచున్నారని చెప్పి తప్పించుకొన్నాడట. నిజమునకు అప్పటికి అతనికి పెండ్లియే కాలేదు!

స్వదేశం చేరిన పిమ్మట 1605-06లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాల ప్రార్థనాలయానికి ఆర్గన్ నిర్మించినది ఈ థామస్ డాలమే. అతని కుమారుడు రాబర్ట్ డాలమ్ తండ్రి వృత్తినే చేపట్టి, 1631 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డులోని మాడ్లిన్ కళాశాల ప్రార్థనాలయం కొరకు ఒక ఆర్గన్ కట్టినాడు. మన కథానాయిక ఇదియే.

పదేండ్లు దాటగానే ఇంగ్లండులో అంతర్యుద్ధం చెలరేగినది. ఆరాధనలో వాద్యములు తగవను పక్షం బలపడినది. చర్చీల నుండి ఆర్గన్లను తొలగింపవలెనని 1644లో పార్లమెంటు శాసించినది. ఎన్నో ఆర్గన్లు నేలపాలైనవి. డాలమ్ కుటుంబం ఫ్రాన్సులోని బ్రిటనీకి తరలిపోయి అచట ఆర్గన్లు కట్టుకొని బ్రతికినది. కాని మాడ్లిన్ ఆర్గన్‌కు మాత్రం వేరొక గతి పట్టినది. అధికారం చేజిక్కించుకొన్న క్రామ్‌వెల్ దానిని పగులగొట్టనీయక, 1654లో విప్పించి తన నివాసమైన హాంప్టన్ కోర్టు భవనానికి తెప్పించుకొన్నాడు. అతని కార్యాలయంలో పనిచేసిన అంధకవి మిల్టన్ దానిని వాయించినాడని ఒక ప్రతీతి ఉన్నది. ఆ కారణముననే దానికి 'మిల్టన్ ఆర్గన్' అను పేరు నిలిచినది. ఆరాధనా మందిరంలో కూడదన్న వాద్యమును పాలకుడు తన ఇంట పెట్టుకొని వినుట విచిత్రమే. సంగీతం విషయమున మన పెద్దలలోను భిన్నాభిప్రాయములు కలవు. ఆ వాదములోనికి మేము పోవుట లేదు. అభిప్రాయం ఏదైనను, పగులగొట్టిన దానికంటె విప్పి దాచిన వానికే తరువాతి తరములు ఋణపడియుండునని మాత్రం చెప్పగలము.

1660లో రాజరికం మరల వచ్చినది. ఆర్గన్ తిరిగి కళాశాలకు చేరినది. 1690లో దానిని సంస్కరించు పని రెనాటస్ హారిస్‌కు అప్పగింపబడినది. ఈతడు రాబర్ట్ డాలమ్‌కు కూతురి కుమారుడు. అనగా తాత కట్టినదానిని మనుమడు దిద్దినాడు. 1737లో కళాశాల దానిని విడిచిపెట్టగా అది ట్యూక్స్‌బరీ పట్టణంలోని ప్రాచీన దేవాలయానికి చేరినది. 1848లో హెన్రీ విల్లిస్ అను ప్రసిద్ధ నిర్మాత దానిని పెంచి కట్టినాడు. 1997లో ఐర్లండుకు చెందిన కెన్నెత్ జోన్స్ సంస్థ దానిని తిరిగి నిర్మించినది. డాలమ్ నాటి చెక్కపని, ముఖభాగమున నగిషీ చెక్కిన కొన్ని గొట్టాలు నేటికిని అందులో నిలిచియున్నవి. నాలుగు వందల ఏండ్లకు చేరువైన ఆ వాద్యంలో ఏది పాతది, ఏది కొత్తది అని వేరుచేసి చూపగలుగుచున్నారన్న, ప్రతి తరంవారు తాము తాకినదానిని గుర్తెరిగి తాకినందువలననే.

తరలించు విధానం

ఇట్టి వాద్యాన్ని తరలించునప్పుడు నిర్మాతలు మొదట చేయు పని విప్పుట కాదు; వినుట, వ్రాసికొనుట. ప్రతి గొట్టం ఎట్లు పలుకుచున్నదో, ఏ ఒత్తిడితో గాలి నడచుచున్నదో కొలిచి నమోదు చేయుదురు. ఆర్గన్‌లో గాలి ఒత్తిడి నీటిమట్టంతో కొలువబడును. అది సాధారణముగా కొలది అంగుళములు మాత్రమే. ఆ కొలతలో అర అంగుళం తేడా వచ్చినను గొట్టం అరచును లేదా మూలుగును.

రెండవది గొట్టాలను తీయుట. ఒక వరుసలో మెట్టుకొక గొట్టం చొప్పున, నేటి వాద్యాలలో 61 గొట్టాలు ఉండును. పది వరుసలున్న చిన్న ఆర్గన్‌లోనే 610 గొట్టాలు! ప్రతిదానికి గుర్తు వేసి, మెత్తని చుట్టలో చుట్టి, పెట్టెలలో పడుకోబెట్టుదురు. తగరం, సీసం కలిసిన లోహం మెత్తనిది. బొటనవ్రేలి నొక్కుకే సొట్టపడును. గొట్టపు నోటివద్ద వెంట్రుకవాసి వంగినను గొంతు మారును.

మూడవది గాలిపెట్టె. ఎండిన గాలికి కొయ్య బిగుసుకొని పగుళ్లిచ్చును; తేమకు ఉబ్బును. పగులు పడినచోట గాలి దొంగతనముగా పొరుగు గొట్టంలోనికి పోయి, పిలువని స్వరం పలికించును. తిత్తుల తోలు గట్టిపడి చిట్లును. మాకు హార్మోనియంలో వినవచ్చిన బుసకు కారణం ఇట్టిదే.

వాతావరణం ఎంత ముఖ్యమో తెలుపుటకు ఒక ఉదాహరణ చాలును. ఫిలిప్పీన్సు దేశంలోని లాస్ పిన్యాస్‌లో వెదురు ఆర్గన్ ఒకటి ఉన్నది. డియెగో సెరా అను మతగురువు 1824 నాటికి దానిని పూర్తిచేసినాడు. అందలి 1031 గొట్టాలలో 902 వెదురువే. 1973లో మరమ్మతునకై దానిని జర్మనీలోని బాన్ నగరంలో క్లైస్ సంస్థకు పంపినారు. ఐరోపా చలిగాలికి వెదురు చీలిపోవునని తలచి, ఆ సంస్థవారు ఫిలిప్పీన్సు వేడిమిని, తేమను కల్పించిన ప్రత్యేకమైన గదిలో ఉంచి పనిచేసినారు. 1975లో అది క్షేమముగా ఇల్లు చేరినది. వస్తువుతోపాటు దాని ఊరిగాలిని కూడ తీసికొనిపోయిన జాగ్రత్త అది.

మన ప్రాంతపు ఎండలకు ఈ విషయం మరింత వర్తించును. 20 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పయనించును. 40 డిగ్రీలలో సుమారు 355 మీటర్లు. అందువలన 440 కంపనలకు శ్రుతి చేసిన పిల్లనగ్రోవి జాతి గొట్టం మన వేసవి మధ్యాహ్నంలో సుమారు 455 పలుకును. ఇది అర్ధస్వరంలో సగమునకు మించిన తేడా. నాలుక గొట్టాలు ఇంతగా మారవు. ఫలితముగా రెండు జాతులు ఒకదానితో ఒకటి కలియక కొట్లాడును. అందుకే శ్రుతి చేయువారు ప్రార్థన జరుగు వేళకు ఉండు వేడిమిలోనే శ్రుతి చేయుదురు. మనకు చేరువలో చెన్నైలోని సెయింట్ ఆండ్రూస్ కర్క్‌లో 1883 నాటి ఆర్గన్ ఒకటి ఉన్నది. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డులో కోనాకర్ సంస్థ నిర్మించిన ఆ వాద్యం సముద్రం దాటివచ్చి ఉక్కలోను, ఉప్పుగాలిలోను నిలిచినదన్న దాని వెనుక ఎందరి శ్రద్ధ ఉండవలెనో ఊహింపవచ్చును.

గది కూడ వాద్యమే

గండికోట వెళ్లిన విద్యార్థులు పెన్న లోయ అంచున నిలిచి కేకవేసియుందురు. కేక తిరిగివచ్చును. అదే కేకను ప్రత్తిబేళ్లు నింపిన గిడ్డంగిలో వేసి చూడుడు, అక్కడనే చచ్చిపోవును. రాయి ధ్వనిని తిరిగి పంపును, ప్రత్తి మ్రింగును. ఈ సామాన్య విషయాన్ని లెక్కలోనికి తెచ్చినవాడు అమెరికా దేశీయుడు వాలెస్ సబీన్. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాట ఎవరికిని అర్థంకాక, దానిని బాగుచేయు పని ఈ యువ అధ్యాపకునికి అప్పగించినారు. సమీపంలోని నాటకశాల నుండి మెత్తలు అరువు తెచ్చి, ఒక్కొక్క మెత్త పెంచుచు, ధ్వని ఎన్ని సెకన్లు నిలుచునో రాత్రివేళ కొలిచినాడు. గది ఘనపరిమాణం పెరిగిన కొలది ధ్వని నిలుచు కాలం పెరుగుననియు, ధ్వనిని మ్రింగు వస్తువులు పెరిగిన కొలది తగ్గుననియు సూత్రీకరించినాడు. మనుషుల బట్టలు కూడ మ్రింగునవే. కనుక ఖాళీ గది వేరు, నిండిన గది వేరు.

ఆర్గన్‌కు రెండు మూడు సెకన్లు నిలుచు గది కావలెను. స్పష్టమైన మాటకు సుమారు ఒక సెకను చాలును. కాబట్టి ప్రార్థన, పాట, ప్రసంగం మూడును జరుగు కళాశాల ప్రార్థనాలయంలో వాద్యాన్ని ఏ గోడవద్ద నిలుపవలెను, ఎంత ఎత్తున నిలుపవలెను అనునది పెద్ద సమస్య. లోతైన మూలలోనికి నెట్టినచో గొంతు బొంగురుపోవును. కిటికీ ఎండ తగులుచోట నిలిపినచో ఒకవైపు గొట్టాలు వేడెక్కి శ్రుతి తప్పును. వాద్యం నిలిపిన పిమ్మట నిర్మాత ఆ గదిలోనే కూర్చుండి ఒక్కొక్క గొట్టం గొంతును దిద్దును. ఈ పనికి వారములు పట్టును. పాత గదిలో మధురముగా పలికిన గొట్టం కొత్త గదిలో కటువుగా వినిపింపవచ్చును. దానిని ఆ గదికి మచ్చిక చేయవలెను.

పెంచుట అనగా

గది పెద్దదైనప్పుడు కొందరు గాలి ఒత్తిడి పెంచిన సరిపోవునని తలంతురు. అది మెల్లగా మాట్లాడు మనిషిని అరవమనుట వంటిది. తెలిసినవారు ఒత్తిడిని అట్లే ఉంచి వరుసలు పెంచుదురు. మంద్రస్వరాల కొరకు పెద్ద గొట్టాలు, మెరుపు కొరకు చిన్నవి చేర్చుదురు. అయితే వరుసలు పెరిగిన కొలది గాలి అవసరం పెరుగును. పాత తిత్తి చాలక, అన్ని స్టాపులు లాగినప్పుడు వాద్యం ఆయాసపడును. కనుక పెంచదలచినవారు మొదట కంటికి కనబడని తిత్తిని, గాలిబాటను పెంచవలెను; పిమ్మటనే కంటికి కనబడు గొట్టాలను. నేల ఆ బరువు మోయునా, మరమ్మతు చేయువాడు లోనికి దూరుటకు సందు ఉన్నదా అనునవి కూడ ముందే చూడవలసినవి.

కొత్త వరుసలు పాతవాని మాటను వినవలెను. మిల్టన్ ఆర్గన్ చరిత్ర మనకు చెప్పునదదియే. హారిస్, విల్లిస్, జోన్స్ తమతమ కాలపు రుచిని అందులో చేర్చినారు. కాని డాలమ్ గొట్టాలను పారవేసి, అతని చెక్కపనిని మాత్రం ముసుగుగా వాడుకొనియుంటే, అది పేరుకు మాత్రమే పాత వాద్యముగా ఉండియుండెడిది.

ముగింపు

జమ్మలమడుగు హార్మోనియం సంగతి చెప్పి ఈ వ్యాసం ముగించెదము. ఆ మిత్రుని ద్వారా మేము ప్రొద్దుటూరు నుండి ఒక మరమ్మతుదారుని పిలిపించినాము. కడప దర్గాలో ఉరుసు సమయమున ఖవ్వాలీ పాడువారి హార్మోనియములు బాగుచేయుటలో చేయితిరిగినవాడు ఆయన. వాద్యాన్ని చూచి మొదట అడిగిన ప్రశ్న, "ఇది ఇంతకుముందు ఎక్కడ ఉండేది, ఎట్లాంటి ఇంట్లో?" అని. తిత్తికి కొత్త తోలు వేసి, ఇత్తడి రీడ్లకు పట్టిన చిలుము తుడిచి, వాద్యాన్ని ఎండకిటికీ వద్ద నుండి ఎదుటి గోడకు మార్పించినాడు. మూడవ రోజు సాయంకాలం సంఘపెద్ద మెట్లపై చేయి వేసినారు. రెండు రీడ్లు మాత్రం ఇంకను మూగవే. మిగిలిన గొంతు తిరిగివచ్చినది. డాలమ్ సుల్తాను కోటలో చేసిన పనికిని, మన మరమ్మతుదారు ఆ చిన్న ప్రార్థనాలయంలో చేసిన పనికిని పరిమాణమున భేదమే గాని ధర్మమున భేదం లేదని మాకు తోచినది.

విద్యార్థులారా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో విద్యాసంస్థలు పాత ఇండ్లు విడిచి పెద్ద భవనములకు మారుచుండుట మనం చూచుచున్నాము. మారుట మంచిదే, పెరుగుట మంచిదే. కాని కొత్త సభాభవనంలో అధ్యక్షుని మాట మూడవ వరుస దాటి వినబడని అనుభవం మనలో చాలమందికి కలదు. భవనం పూర్తిగాక మునుపే, ఒకసారి ఖాళీగాను, ఒకసారి నిండుగాను, ఒక విద్యార్థిచేత చదివించి చివరి వరుసలో కూర్చుండి వినుట ఖర్చులేని పరీక్ష. గ్రంథాలయమైనను, ప్రయోగశాలయైనను ఎత్తుటకు ముందు ప్రతి వస్తువునకు గుర్తు వేసి వ్రాసికొనుట కూడ ఖర్చులేనిదే. కమిటీ పెద్దలు ఈ రెండింటిని మన్నింతురని ఆశించుచున్నాము. పెట్టె చేరినంత మాత్రమున తరలింపు ముగియదు. గొంతు చేరినప్పుడే ముగియును.